బుక్‌మార్కులన్నిటికీ ఒకటే సింహాల బొమ్మ ఉంటే ఏది ఏదో ఎట్లా గుర్తుపట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: హిమాయత్‌నగర్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెన్సీ. క్రోమ్ బుక్‌మార్క్ బార్ మీద తొమ్మిది ప్రభుత్వ పోర్టళ్లు. తొమ్మిదింటికీ సింహాల ముద్రే. ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతున్నాం, ఐకాన్లు మార్చుకునే వీలుందా?

లేదండీ. బుక్‌మార్క్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎడిట్‌లోకి వెళ్తే పేరు, అడ్రస్, ఏ ఫోల్డర్‌లో ఉండాలి, ఇంతవరకే. ఎడ్జ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ బొమ్మ మార్చే బటన్ లేదు. దొడ్డిదారి ఒకటుంది, కింద రాస్తాను, కానీ దాని మీద పెట్టే టైమ్ దండగ. మీరు సరిచేసుకోవాల్సింది పేర్లు, వరస. ఐకాన్‌ని నమ్ముకున్నవాళ్లు ఎప్పటికైనా ఇలాగే ఇరుక్కుంటారు.

ఈ ఇరుక్కోవడం ఎట్లా ఉంటుందో చూడాలంటే నెలలో 20వ తేదీ సాయంత్రం ఏ కన్సల్టెన్సీకైనా వెళ్లండి. జీఎస్టీఆర్-3బీకి, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్‌కి, ఆఖరు రోజు. ఓటీపీ క్లయింటు ఫోనుకే వెళ్తుంది కాబట్టి ఆయన్ని లైన్‌లో పెట్టుకుని కూర్చుంటారు. సీట్లో ఉన్న అబ్బాయి నాలుగో సింహం నొక్కాలి, తొందరలో ఐదోది నొక్కాడు. తెరుచుకున్న పేజీలోనూ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, వంకరటింకర అక్షరాల క్యాప్చా. శాఖ పేరు పైన ఎక్కడో బ్యానర్‌లో ఉంటుంది, దాన్ని చదివే ఓపిక ఎవరికి? క్రోమ్ దాచిన పాస్‌వర్డ్ ఈ సైట్‌ది కాదు గనక గడి ఖాళీగా ఉంటుంది. "అరే, సేవ్ చేసింది పోయిందేంది" అనుకుని డైరీ తీసి చేత్తో కొడతాడు. తప్పంటుంది. క్యాప్స్ లాక్ చూసుకుని మళ్లీ కొడతాడు. రెండు మూడుసార్లు తప్పు పడితే కొన్ని పోర్టళ్లు ఖాతాకు కాసేపు తాళం వేస్తాయి. అవతల క్లయింటు "ఓటీపీ ఇంకా రాలేదన్నా" అని లొల్లి. రోజు దాటితే ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, లావాదేవీలే లేని నిల్ రిటర్న్‌కైతే 20. దీన్నుంచి పనికొచ్చే గుర్తు ఒకటి: రోజూ తనంతట తానే నిండే పాస్‌వర్డ్ గడి ఖాళీగా కనబడిందంటే, పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడం కాదు, ముందు పైన అడ్రస్ చూడాలి. క్రోమ్ పాస్‌వర్డుని డొమైన్‌తో ముడివేసి దాస్తుంది. బొమ్మ చూసి మనం మోసపోతాం గానీ అది పోదు.

ఇదంతా ఎందుకు వస్తుందంటే, సైట్ తయారుచేసేవాళ్ల స్క్రీన్ మీద వాళ్ల సైట్ ఒక్కటే ఉంటుంది. దాని మీద రాజముద్ర ఠీవిగానే కనబడుతుంది. తొమ్మిది పక్కపక్కన చేరేది మీ బార్ మీద, అక్కడికి వాళ్లు ఎన్నడూ తొంగిచూడరు. ఈ ఐకాన్ల ఏర్పాటు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. సైట్ మూల ఫోల్డర్‌లో ఫావికాన్ అనే ఫైల్ ఒకటి పెడితే, పేజీని ఫేవరెట్స్‌లో వేసుకున్నప్పుడు బ్రౌజర్ దాన్ని తెచ్చుకునేది. ఇప్పటికీ పేజీ కోడ్‌లో వేరే ఐకాన్ చెప్పి లేకపోతే బ్రౌజర్ వెతికేది ఆ ఫైల్‌నే. కాబట్టి ఒకే డొమైన్ కింద పది సేవలు నడుస్తుంటే, ఏ పేజీకా పేజీ విడిగా చెప్పుకోకపోతే పదింటికీ ఒకటే బొమ్మ. దీనికి తోడు రెడీమేడ్ అచ్చులు. జిల్లాల వెబ్‌సైట్లు చాలావరకు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వారి ఎస్3వాస్ అనే రెడీమేడ్ సైట్ల వేదిక మీద నడుస్తాయి. అచ్చు ఒకటైనప్పుడు హైదరాబాద్ జిల్లా ఏదో రంగారెడ్డి జిల్లా ఏదో బొమ్మ చూసి చెప్పమంటే ఎవరి తరం?

పైగా ఆ ముద్ర ఈ పనికి బొత్తిగా కుదరదు. సింహాలు నాలుగు, కనబడేవి మూడు, కింద ధర్మచక్రం, ఎద్దు, గుర్రం, ఆ కింద సత్యమేవ జయతే. ఇదంతా 16 పిక్సెళ్ల వెడల్పు, 16 ఎత్తు, మొత్తం 256 చుక్కల్లో ఇరికించాలి. మిగిలేది నల్లటి ముద్ద. డార్క్ మోడ్ పెట్టుకుంటే ఆ ముద్ద కూడా కనిపించదు.

ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు లెండి. వర్డ్‌ప్రెస్‌లో సైట్ ఐకాన్ పెట్టడం మరిచిపోతే 2020లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి దానంతట అదే డబ్ల్యూ గుర్తు చూపిస్తుంది. అందుకే మన కాలనీ స్కూలూ, పచ్చళ్ల దుకాణమూ, పెళ్లిళ్ల హాలూ బుక్‌మార్కుల్లో కవలపిల్లలు. టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ మీద తెచ్చిపెట్టిన పోర్టళ్లలో దాని పసుప్పచ్చ పిల్లి అట్లాగే మిగిలిపోతుంది. గూగుల్ అయితే 2020 అక్టోబర్‌లో చేతులారా చెడగొట్టుకుంది. ఎర్ర కవరుతో జీమెయిల్ ఆమడ దూరం నుంచి తెలిసేది. జీమెయిల్, క్యాలెండర్, డ్రైవ్, మీట్ అన్నిటికీ అవే నాలుగు రంగులు పూశాక ఇప్పుడు ఆకారం చూసి పోల్చుకోవాలి, అదీ 16 పిక్సెళ్లలో. షీట్స్ సంగతి వేరు: ఎన్ని షీట్లు బుక్‌మార్క్ చేసినా అదే ఆకుపచ్చ కాగితం. ఐకాన్ చెప్పేది "ఇది ఎవరిది" అన్నది. మీకు కావలసింది "ఇక్కడ ఏం పని" అన్నది. రెండోదాన్ని మీరే రాసుకోవాలి.

ఇక్కడే చాలామంది పెద్ద పొరపాటు చేస్తారు. బార్ మీద చోటు చాలక బుక్‌మార్క్ పేర్లు చెరిపేసి ఒట్టి ఐకాన్లు మిగుల్చుకోమని ఏదో వీడియోలో చూస్తారు. యూట్యూబ్, వాట్సాప్‌లాంటి వాటికి అది బాగానే ఉంటుంది. సింహాలకు అదే చిట్కా వాడితే మౌస్ ఒక్కోదాని మీద ఆపి, చిన్న చీటీలాంటిది తేలేదాకా కాచుక్కూర్చోవాలి. పేరు చెరపకపోయినా లాభం లేని సందర్భం కూడా ఉంది. కంట్రోల్ డి కొట్టగానే క్రోమ్ పేజీ శీర్షికనే పేరుగా తీసుకుంటుంది. మన పోర్టళ్ల శీర్షికలు "వెల్‌కమ్ టు", "హోమ్", "అఫీషియల్ వెబ్‌సైట్ ఆఫ్" అని మొదలవుతాయి. బార్ మీద పట్టేది మొదటి కాసిని అక్షరాలే గనక తొమ్మిది "వెల్‌కమ్ టు"లు వరసగా నిలబడతాయి.

కన్సల్టెన్సీకి పనికొచ్చే పద్ధతి, పేరుని గడువు తేదీతో మొదలెట్టడం. "07 టీడీఎస్", "11 ఆర్1", "15 పీఎఫ్", "15 ఈఎస్ఐ", "20 3బీ". టీడీఎస్ కట్టడానికి తర్వాతి నెల 7, నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1కి (అమ్మకాల వివరాల రిటర్న్) 11, పీఎఫ్, ఈఎస్ఐలకు 15, 3బీకి 20. (మార్చి నెల టీడీఎస్‌కి మాత్రం ఏప్రిల్ 30.) అంకె ముందుంటే నెల నడిచే వరసలోనే బార్ కూడా నడుస్తుంది. 7ని "07" అని రాయడం మరవద్దు, లేకపోతే బుక్‌మార్క్ మేనేజర్‌లో పేరు వారీగా సర్దినప్పుడు అది 11, 15ల తర్వాతకు పోయే ప్రమాదం ఉంది. తేదీ లేనివాటికి పని పేరు: "ఈసీ" (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), "మార్కెట్ విలువ", "ఫారం 16". శాఖ పేరు అసలు వద్దు. "రిజిస్ట్రేషన్ స్టాంపుల శాఖ" అని రాస్తే చోటంతా అదే మింగుతుంది, ఎన్‌కంబరెన్స్ కోసం వచ్చారా విలువ చూడ్డానికి వచ్చారా అన్నది తేలదు. బుక్‌మార్క్ కూడా హోమ్ పేజీకి కాకుండా సరిగ్గా ఆ పని జరిగే పేజీకే పెట్టండి. కాకపోతే లాగిన్ తర్వాత వచ్చే పేజీల్ని బుక్‌మార్క్ చేయొద్దు. సెషన్ అయిపోతే ఎర్రర్ పేజీ మొహాన కొడుతుంది. లాగిన్ పేజీ దగ్గరే ఆగాలి.

రంగు కావాలంటే పేరు ముందు ఎమోజీ పెట్టుకోండి. విండోస్‌లో విండోస్ మీట, చుక్క కలిపి నొక్కితే పలక తెరుచుకుంటుంది. రంగు గుండ్రాలు, చతురస్రాలు చిన్న సైజులోనూ స్పష్టంగా ఉంటాయి. మనుషుల మొహాలూ, భవనాలూ వద్దు, అవి మళ్లీ ముద్దలే. జెండాలు అసలే వద్దు. విండోస్‌లో క్రోమ్ దేశాల జెండాలు చూపించదు, వాటి చోట రెండు ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఆఫీసులో ఒకరైనా ఉంటారు కాబట్టి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టకుండా నీలం, నారింజ వాడితే నయం. వరస ఒకసారి కుదిరాక కదపకండి. చెయ్యి నేర్చుకునేది చోటునే. కొత్తది వస్తే చివర్లో చేర్చండి, మధ్యలో దూర్చొద్దు. ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్‌తో విభజన గీత పెట్టుకోవచ్చు, క్రోమ్‌లో ఆ భాగ్యం లేదు.

అసలు మౌస్ ముట్టకుండా చేసే దారి ఇంకా మేలు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్, అందులో సైట్ సెర్చ్ దగ్గర యాడ్ నొక్కి, షార్ట్‌కట్ గడిలో "3బీ" అనో "పీఎఫ్" అనో ఇంగ్లిష్ అక్షరాల్లో వేసి, కింద ఆ పోర్టల్ అడ్రస్ అతికించండి. తర్వాత అడ్రస్ గడిలో ఆ రెండక్షరాలు కొట్టి ఎంటర్. ఫైర్‌ఫాక్స్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది: బుక్‌మార్కుల లైబ్రరీలో కీవర్డ్ అనే గడి. ఈ షార్ట్‌కట్లకు బొమ్మతో పనే లేదు.

ఇంత చెప్పినా బొమ్మే మార్చాలంటారా, సరే. కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే బుక్‌మార్క్ మేనేజర్ వస్తుంది. పైన మూడు చుక్కల్లో ఎక్స్‌పోర్ట్. వచ్చిన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి బుక్‌మార్క్ లైన్‌లోనూ అడ్రస్ తర్వాత ఐకాన్ అని, దాని తర్వాత బేస్64లో (బొమ్మని అక్షరాలుగా రాసే పద్ధతి) పొడుగాటి అక్షరాల మూట ఉంటుంది. 32 పిక్సెళ్ల పీఎన్‌జీ బొమ్మ చేసుకుని, దాన్ని బేస్64లోకి మార్చి ఆ మూట స్థానంలో పెట్టాలి. నేరుగా ఇంపోర్ట్ కొడితే ఏమీ మారదు. ఎందుకంటే ఆ అడ్రస్‌కి ముందే ఐకాన్ ఉంటే ఇంపోర్ట్‌లో వచ్చినదాన్ని క్రోమ్ పక్కన పడేస్తుంది. క్రోమ్ పూర్తిగా మూసి, యూజర్ డేటాలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఫావికాన్స్ అనే ఫైల్‌ని వేరే చోటికి తీసేసి, అప్పుడు తెరిచి ఇంపోర్ట్ చేయాలి. బుక్‌మార్కులన్నీ ఇంపోర్టెడ్ అనే ఫోల్డర్‌లో రెండో జత వస్తాయి, పాతవాటిని తీసేయాలి. ఇంత పరేషానీ పడ్డాక పోర్టల్‌కి ఒకసారి వెళ్లగానే సైట్ తన సింహాల్ని మళ్లీ పంపుతుంది, మీ బొమ్మ పోతుంది. ట్యాబ్ ఐకాన్ మార్చే ఎక్స్‌టెన్షన్లు కూడా ఉన్నాయి గానీ అవి తెరిచిన ప్రతి పేజీనీ చదివే అనుమతి అడుగుతాయి. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్న సిస్టమ్‌లో ఒక బొమ్మ కోసం ఆ అనుమతి ఇవ్వడం నా మటుకు నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

హైటెక్ సిటీలో కూర్చుని ఇట్లాంటి సైట్లే చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: పేజీ హెడ్‌లో లింక్ ట్యాగ్ ఒక్క లైను మారిస్తే ప్రతి సేవకూ వేరే ఐకాన్ వస్తుంది. ముద్ర మొత్తం పెట్టకండి. ఒక అక్షరం, ఒక నిండు రంగు చాలు. 16 పిక్సెళ్లకు కుదించి, నలుపు తెలుపుల్లోకి మార్చి, తెల్ల బార్ మీదా నల్ల బార్ మీదా పెట్టి చూడండి. మార్చాక పాత బొమ్మే కనబడుతోందని గగ్గోలు పెడతారు, ఫైల్ అడ్రస్ చివర ప్రశ్నార్థకం పెట్టి వెర్షన్ నంబర్ తగిలిస్తే బ్రౌజర్ కొత్తది తెచ్చుకుంటుంది. టెస్టింగ్ సర్వర్‌కీ అసలు సర్వర్‌కీ ఒకటే ఐకాన్ పెట్టే టీములు సిటీలో కోకొల్లలు. టెస్ట్ అనుకుని అసలు డేటాబేస్‌లో వరసలు చెరిపేశాక రంగులు మారుస్తారు.

ఐకాన్ చూసి సైట్ అసలుదని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు. ఎవరి బొమ్మనైనా ఎవరైనా కాపీ చేసి పెట్టుకోవచ్చు. అడ్రస్ గడిలో ఐకాన్ చూపించే రోజుల్లో తాళం బొమ్మ పెట్టి సురక్షితమని నమ్మించేవాళ్లు ఉండబట్టే 2012లో ఫైర్‌ఫాక్స్ 14 అక్కడినుంచి దాన్ని తీసేసింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చాక పేర్లు మారిన సంస్థల బుక్‌మార్కులు మీ బార్ మీద ఉంటే, ఒక్కోటీ తెరిచి అడ్రస్ మారిందేమో చూసి మార్చుకోండి. పాత అడ్రస్ పనిచేయకపోయినా క్రోమ్ దాచుకున్న బొమ్మ అక్కడే కూర్చుని ఉంటుంది, చచ్చిన లింకు కూడా బతికున్నట్టే కనబడుతుంది.