జిల్లాకో ఐటీఐ ఉంటే వృత్తి విద్య అందరికీ అందుతున్నట్టేనా?

అట్లా చెప్పలేం. పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా 2016లో నాలుగు జిల్లాలైంది, 2019లో నారాయణపేటతో ఐదు. జిల్లా కేంద్రం దగ్గరైంది సరే, తండాకు బస్సు మాత్రం పెరగలేదు.

అందుకే నేను మొదట బస్సు టైమే అడుగుతా. దేవరకొండ దిక్కు మాకు తెలిసిన అమ్మాయి పది పాసై ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరింది. పొద్దున బస్సు ఎనిమిదిన్నరకు, క్లాసు తొమ్మిదింటికి. సాయంత్రం రోడ్డు మీద దిగి చీకట్లో రెండు కిలోమీటర్లు నడక, ఎదురుగా తండ్రి టార్చిలైటు పట్టుకొని వచ్చేవాడు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, అది నిజంగా పెద్ద ఆసరా. కానీ ఆ పిల్ల చదువు నిలబడింది హాస్టల్‌లో సీటు దొరికినంకనే.

రెండోది కోర్సు కాలం. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. వలస పోయే పాలమూరు ఇంటికి ఒక్క ఏడాది కూలి పోగొట్టుకోవడం కూడా చాలా బరువు.

సీట్ల సంఖ్య చూసి ఊరుకోకండి. ఎందరు చేరారు, ఎందరు చివరి పరీక్ష రాశారు, వాళ్లలో ఆడపిల్లలెందరు, అప్రెంటిస్ (కంపెనీలో పని నేర్చుకునే అవకాశం) ఎందరికి దొరికింది, ఇవన్నీ మండలాలవారీగా అడగండి. వర్క్‌షాపులో మిషన్లు నడుస్తున్నాయో లేదో ఓసారి లోపలికి పోయి చూడండి.