పికోస్కోప్‌లో పట్టిన సిగ్నల్‌ను మళ్లీ ప్లే చేయడం

పికోస్కోప్‌లో (కంప్యూటర్‌కు తగిలించి సిగ్నల్‌ను గీతగా చూసే స్కోప్) చూస్తుంటే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టేది) సిగ్నల్ ఎప్పుడో ఒకసారి తెగిపోతోంది, స్క్రీన్‌షాట్ తీస్తే జూమ్ కావడం లేదు అన్నారు కదండీ. బొమ్మగా వద్దు, పికోస్కోప్ సొంత ఫైల్ రకమైన పీఎస్‌డేటా (.psdata) ఫైల్‌గా సేవ్ చేయండి. బఫర్‌లో, అంటే మెమరీలో వరుసగా దాచిన వేవ్‌ఫామ్‌లన్నీ (సిగ్నల్ గీతలు) అందులో ఉంటాయి, స్కోప్ తగిలించకుండానే వేరే కంప్యూటర్‌లో తెరవొచ్చు. ఇంజిన్ తడబడగానే స్టాప్ నొక్కి ఒక్కొక్క వేవ్‌ఫామ్ చూసుకుంటూ వెనక్కి వెళ్లండి. సెన్సర్ చదివే పళ్ల చక్రం 60-2 రకమైతే (60 పళ్ల చోట్లలో రెండు ఉండవు) ఆ రెండు పళ్ల ఖాళీ మామూలే, దాన్ని చూసి టెన్షన్ పడకండి.

అదే సిగ్నల్‌ను ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మళ్లీ ఇవ్వాలంటే ఏడబ్ల్యూజీలో (స్కోప్‌లో మనకు కావాల్సిన సిగ్నల్ పుట్టించే భాగం) ఛానల్ నుంచి ఇంపోర్ట్ చేయండి. అసలు తంటా ఫ్రీక్వెన్సీ దగ్గరే: రికార్డు మొత్తం 100 మిల్లీసెకన్లయితే అది సెకనుకు పదిసార్లు ప్లే అయ్యేలా 10 హెర్ట్జ్ పెట్టాలి, లేకపోతే వేగం మారిపోతుంది. పికోస్కోప్ 2000 సిరీస్ ఏడబ్ల్యూజీ అవుట్‌పుట్ ±2 వోల్టులే కాబట్టి, 5 వోల్టుల హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే రకం) అయితే మధ్యలో యాంప్లిఫయర్ తప్పదు. సెన్సర్ ప్లగ్ పీకాకే వైర్ కలపండి.