గది చేసే మోతకు లోన్ దేనికి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో అద్దెకుంటున్నాం. నెలకు 95 వేలు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు 55 వేలు. సిప్‌లు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది 30 వేలు. 10 వేలు మిగులుతాయి. అత్యవసరానికి 1.8 లక్షలు దాచాను. పాటల కోసం 1.2 లక్షలు పెట్టి స్టీరియో కొన్నాను. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. మృదంగం మొదలైతే గదంతా బుంయ్‌మంటుంది, పాట మాటలు తెలియవు. పెద్ద స్పీకర్లు కొంటే సరిపోతుందని షాపులో అన్నారు. 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. నాకూ పాటలంటే ప్రాణం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మోత చేస్తున్నది మీ స్పీకర్లు కాదు, గది.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా రెండు గట్టి గోడలుంటే, 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర స్వరం వాటి మధ్యే నిలబడిపోయి ఉబ్బుతుంది. మీ గదికి వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి ఆ ఉబ్బు రెట్టిస్తుంది. 12 అడుగుల పొడవు వల్ల 47 హెర్ట్జ్ దగ్గర ఇంకొకటి. పెద్ద స్పీకర్లు ఆ కింది స్వరాలనే ఇంకా బలంగా వినిపిస్తాయి. అంటే అప్పు చేసి మరీ మోత పెంచుకుంటారు.

లోన్ లెక్క కూడా చూడండి. 14 శాతం వడ్డీకి మూడేళ్లంటే కిస్తీ దాదాపు 10,250. మీ మిగులంతా అందులోకే పోతుంది, పైగా చాలదు. వడ్డీ ఒక్కటే 69 వేలు. మీ ఖర్చుకు ఆరు నెలల నిధి అంటే 3.3 లక్షలుండాలి, ఉన్నది 1.8. ఈ మధ్యలో ఉద్యోగానికి ఏదైనా అయితే ఆ టెన్షన్‌లో ఏ పాటా వినబుద్ధి కాదు.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. సోఫా వెనక గోడకు ఆనించి ఉంటే ముందుకు జరపండి. గోడ దగ్గరే బేస్, అంటే ఆ కింది స్వరాల మోత, అన్నిటికన్నా ఎక్కువ పోగవుతుంది. అలాగని గది నట్టనడుమ కూర్చుంటే ఆ 47 హెర్ట్జ్ స్వరం దాదాపు మాయమవుతుంది. వెనక గోడ నుంచి నాలుగు, నాలుగున్నర అడుగుల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో జానెడు జరుపుతూ వినండి. స్పీకర్లను మూలల నుంచి బయటికి లాగండి. చాలామందికి సగం బాధ ఇక్కడే తీరుతుంది.

మిగిలినదానికి 20 వేలు దాటకుండా బడ్జెట్ పెట్టుకోండి. రెండు నెలల మిగులు చాలు. నాలుగంగుళాల మందం రాక్‌వుల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార) పలకలను చెక్క ఫ్రేముల్లో బిగించి, గాలి ఆడే బట్ట కప్పించి మూలల్లో నిలబెట్టండి. గోడకు మేకులు వద్దు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. నిలబెట్టే ఫ్రేములైతే రేపు ఇల్లు మారినా మీ వెంటే వస్తాయి. రాక్‌వుల్ దురద పెడుతుంది కాబట్టి కోసేటప్పుడు గ్లౌజులు, మాస్క్ తప్పవు.

మాటలు తేటపడాలంటే పక్క గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం సంగతీ చూడాలి. మీరు కూర్చున్నప్పుడు ఎవరినైనా గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో స్పీకర్ కనబడిన చోట ఒక పలక పెట్టండి. టైల్స్ నేల మీద మందపాటి తివాచీ వేయండి. పల్చటి ఫోమ్, గుడ్ల అట్టలు మాత్రం కొనకండి; అవి పై స్వరాలనే కాస్త తగ్గిస్తాయి, మీ 56 హెర్ట్జ్‌ను ముట్టుకోను కూడా ముట్టుకోవు.

మూడో నెల నుంచి ఆ 10 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 15 నెలల్లో 1.5 లక్షలై మీ నిధి నిండుతుంది. అప్పటికీ స్పీకర్లు మార్చాలనిపిస్తే, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు పెట్టి గదిలో ఏ స్వరం ఎంత ఉబ్బుతోందో కొలిచి, ఆ గ్రాఫ్ పట్టుకుని షాపుకు వెళ్లండి. డబ్బు మాత్రం ముందే కూడబెట్టుకుని వెళ్లండి.