ఇంజన్ వేడి తగ్గడానికి థర్మోస్టాట్ మారిస్తే చాలునా?

ప్రశ్న: నేను అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటున్నాను. నిరుడు 2000 మోడల్ పోర్షే 911 కారెరా (996 తరం, 3.4 లీటర్ల ఇంజన్) ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. హైవే మీద కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది గాని, సాయంత్రం ట్రాఫిక్‌లో చిక్కుకుంటే 104 వరకు పోతోంది. ఒక వర్క్‌షాప్ వారు 71 డిగ్రీలకే తెరుచుకునే థర్మోస్టాట్ వేయించుకోమన్నారు. విజయవాడలో మా నాన్నగారి అంబాసిడర్‌కు ఎండాకాలం రాగానే మెకానిక్ థర్మోస్టాట్‌నే తీసి పక్కన పెట్టేవాడు. ఈ రెండింటిలో ఏది మేలు?
— ఒక పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: ముందుగా ఒక ధైర్యం చెబుతాను. నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్, దాని ట్యాంకు మూత సరిగా బిగిసి ఒత్తిడి నిలిచినంత కాలం, 120 డిగ్రీలు దాటితే గాని మరగదు. కాబట్టి 104 అన్నది ప్రమాదం కాదు. అయితే మీ ఊరి ఎండలో అది పట్టించుకోవలసిన అంకే. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులపాటు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు తగ్గలేదు.

థర్మోస్టాట్ అంటే కూలెంట్ వేడెక్కాక తెరుచుకుని, దాన్ని రేడియేటర్లకు వదిలే తలుపు. దాని పని ఇంజన్ ఎంత తక్కువ వేడిలో నడవాలో నిర్ణయించడమే. ఎంత ఎక్కువకు పోవచ్చో నిర్ణయించేవి రేడియేటర్లు, వాటి గుండా పోయే గాలి. మీ కారుకు ఇప్పుడున్న థర్మోస్టాట్ 80 డిగ్రీలు దాటిన కాసేపటికే తెరుచుకోవడం మొదలుపెడుతుంది, 104 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. పూర్తిగా తెరిచి ఉన్న తలుపు స్థానంలో ఇంకాస్త ముందుగా తెరుచుకునే తలుపు పెడితే ట్రాఫిక్‌లో మీకు కలిగే లాభం స్వల్పం. పైగా రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 43 ఉన్నప్పుడు కూలెంట్ 93లో ఉంటే ఆ తేడా 50 డిగ్రీలు, 73లో ఉంటే 30 డిగ్రీలే. అంటే అదే రేడియేటర్, అదే గాలితో, ఐదింట మూడు వంతుల వేడినే బయటికి పంపగలదు. వేసవి మధ్యాహ్నం మీ ఇంజన్ 71 దగ్గర నిలుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

అందుచేత నా మొదటి అనుమానం కారు ముక్కు మీద. ఈ తరం 911లో ఇంజన్ వెనకా, రేడియేటర్లు ముందు చక్రాల ఎదుట రెండు మూలలా ఉంటాయి. వాటికి ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్లు ఉంటాయి. బంపర్‌లోని తెరుపుల గుండా దూరే ఆకులు, దుమ్ము, వసంతంలో మీ వీధుల్లో రాలే పాలో వెర్డె చెట్ల పసుపు పూలు కండెన్సర్ ముందూ, దానికీ రేడియేటర్‌కూ మధ్య సందులోనూ మెత్తలా పేరుకుంటాయి. బయటినుంచి టార్చి వేసి చూస్తే కనిపించేది కొంతే. బంపర్ విప్పించి, కండెన్సర్లను గొట్టాలు ఊడదీయకుండానే కాస్త ముందుకు జరిపి, మెత్తని బ్రష్షుతోను, తక్కువ ఒత్తిడి నీళ్లతోను శుభ్రం చేయించండి. ఎక్కువ ఒత్తిడితో కొడితే పలుచని రెక్కలు వంగి, ఉన్న గాలి దారి కూడా మూసుకుపోతుంది.

రెండోది ఫ్యాన్లు. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. ముందున్న రెండు ఫ్యాన్లూ చిన్న వేగంతో తిరగాలి. తిరగకపోతే చాలావరకు ఆ చిన్న వేగాన్ని ఇచ్చే రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. ఈ కార్లలో ఇది తరచుగా కనిపించే లోపం. అప్పుడు ఫ్యాన్ పెద్ద వేగం అందుకునేదాకా చల్లబరిచే గాలే ఉండదు గనుక, మీరు చెప్పినట్టు ట్రాఫిక్‌లో మాత్రమే వేడి పెరుగుతుంది. హైవే మీద అంతా బాగుండి ఆగినప్పుడే అంకె పైకి పోతోందంటే, చూడవలసినది గాలినే.

ఇక అంబాసిడర్ సంగతి. ఆ మెకానిక్ పద్ధతి ఆ కార్బ్యురేటర్ బండికి ఎలాగో సాగిపోయింది. దీనికి మాత్రం వద్దు. ఈ థర్మోస్టాట్ తెరుచుకుంటూనే, రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే ఆ దారి తెరిచే ఉండి, కొంత కూలెంట్ చల్లబడకుండానే వెనక్కి వస్తుంది. ఎండలో వేడి పెరిగినా పెరగవచ్చు. చలికాలం ఉదయం ఇంజన్ వేడెక్కకపోతే కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తుంది, చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది. ఫీనిక్స్ ప్రాంతంలో వాహనాల పొగ పరీక్ష ఉంది గనుక ఆ దీపంతో పరీక్ష గట్టెక్కదు. ఆయిల్‌లో చేరే తేమ ఆవిరై పోవాలన్నా ఆయిల్ బాగా వేడెక్కాలి.

71 డిగ్రీల థర్మోస్టాట్ పనికిరానిదని నేననడం లేదు. హైవే మీద రేడియేటర్లకు సత్తువ మిగిలి ఉన్నప్పుడు అది ఇంజన్‌ను కొంత చల్లగా నడిపిస్తుంది. ఈ ఇంజన్‌లో ఆయిల్‌ను చల్లబరిచేది కూడా కూలెంటే కాబట్టి ఆయిల్ వేడి కూడా తగ్గుతుంది. ట్రాక్ మీద తిప్పే ఉద్దేశం ఉంటే మాత్రం మధ్యలో మూడో రేడియేటర్ పెట్టించడమే అసలైన మార్పు. 911 టర్బోకూ జీటీ3కీ పోర్షే ఇచ్చినది అదే. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికైతే అంత ఖర్చు అనవసరం.

శుభ్రం చేయించి, ఫ్యాన్లు సరిచేయించాక కూడా థర్మోస్టాట్ మార్చాలనిపిస్తే, వాటర్ పంప్ మార్చే రోజునే మార్పించండి. ఆ పంప్‌లో కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) ప్లాస్టిక్‌ది. వయసు మీరితే రెక్కలు విరిగి కూలెంట్ దారుల్లోకి పోతాయి. మీ కారు వయసుకు ఆ పంప్‌ను ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో తప్పక వెతకండి. 20 లీటర్లకు పైగా కూలెంట్ కారు ఈ చివరనుంచి ఆ చివరకు తిరుగుతుంది కాబట్టి గాలి ఎక్కడో చిక్కుకోవడం సులభం. వాక్యూమ్ పరికరంతో నింపే వర్క్‌షాప్‌కే ఇవ్వండి, కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలని ముందే చెప్పండి.