బెంగళూరు చుట్టుపక్కల గుట్టల్లో జియోకాష్‌లు వెతకడానికి ఫోను సరిపోతుందా?

వారాంతాల్లో కొండలెక్కడం అలవాటే, ఇప్పుడు జియోకాషింగ్ మొదలుపెట్టాలనుంది, జీపీఎస్ పరికరం కొనాలా అని అడిగారు. కొనకండి. ఆరేళ్ళుగా నేను ఫోనుతోనే తిరుగుతున్నాను. ఆ డబ్బు పట్టు బాగా ఉన్న బూట్లకీ పవర్ బ్యాంకుకీ పెట్టండి.

కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలు జియోకాషింగ్ సైట్లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలి చిట్టిపుస్తకంలో పేరూ తేదీ రాసి, ఎక్కడిది అక్కడే పెట్టేస్తాం. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ చోటు కచ్చితంగా చూపించకుండా కావాలని కలిపే తేడాను ఆపేసింది. వెంటనే మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో మొదటి డబ్బా దాచాడు. ఆట అలా పుట్టింది.

ఫోను మిమ్మల్ని ఐదు పది మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పెద్ద బండల మధ్యకి దిగితే ఇంకా తడబడుతుంది, చుక్క ఒకచోట నిలవదు. అక్కడ ఫోను జేబులో పెట్టేసి కళ్ళకి పని చెప్పాలి.

ఒకసారి కోలార్ దగ్గర ఒక గుట్ట మీద (ఏ గుట్టో చెప్తే వెతికేవాళ్ళ సరదా పోతుంది) గంటసేపు తిరిగాను. మేకలు తోలుకొచ్చిన పెద్దాయన చూసి, "ఏం పోగొట్టుకుంటివి నాయనా?" అన్నాడు. ఆ పక్క తెలుగు బాగానే వినిపిస్తుంది. విషయం చెప్పాను. ఆయన అలా నిలబడే చుట్టూ చూసి, "ఆ రాయి ఎవురో తిప్పి పెట్టిండారు" అని కర్రతో చూపించాడు. నిజమే. చుట్టూ ఉన్న రాళ్ళన్నిటికీ బూడిదరంగు నాచు మచ్చలు పైన ఉన్నాయి, ఆ ఒక్కదానికి కిందివైపు ఉన్నాయి. చెయ్యి పెట్టబోతే ఆపి, ముందు కర్రతో తట్టమన్నాడు, తేళ్ళుంటాయని. దాని వెనక అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల చెమ్మెక్కిన పుస్తకం. పెన్ను రాయలేదు. అప్పట్నుంచీ పెన్సిల్ తీసుకెళ్తున్నాను, ఏ రాయైనా కర్రతో తట్టాకే కదుపుతున్నాను.

యాప్‌లో బాణం గుర్తుని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అది తిన్నగా చూపిస్తుంది, మధ్యలో లోయ ఉందో నున్నటి బండ ఉందో దానికి తెలీదు. మొదటి ఏడాది సావనదుర్గలో నేను దారి వదిలి బాణం వెంట పోయాను. బండ మీద నీళ్ళు జారిన నల్లటి చార మీద కాలు పెట్టగానే జర్రున జారాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. పైకి పోలేను, కిందికి దిగలేను, వేరే ట్రెక్కర్లు వచ్చేదాకా బండకి అతుక్కుని కూర్చున్నాను. ఎంత దగ్గర కనబడినా దారి వెంటే వెళ్ళి, ఆఖర్లో పక్కకి తిరగండి.

వెళ్ళేముందు ప్రతి డబ్బాకీ ఇచ్చే టెరైన్ అంకె (అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్పేది) చూడండి. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది, ఐదంటే తాళ్ళలాంటి సామాను కావాల్సిన చోటు. మొదట్లో రెండు దాటొద్దు. వెనకటివాళ్ళ లాగ్‌లు చదవండి: వరసగా ముగ్గురు దొరకలేదని రాస్తే డబ్బా పోయిందనే అనుకోవచ్చు, వందల రూపాయల పెట్రోలు దండగ. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ఇంట్లోనే దించుకోండి.

స్కందగిరి లాంటి చోట్లకి అటవీశాఖ ఆన్‌లైన్ టికెట్ తప్పనిసరి. రామనగర గుట్టల్లో చిరుతలూ ఎలుగుబంట్లూ ఉన్నాయి, చీకటి పడకముందే కిందికి వచ్చేయండి. అక్కడి రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం. డబ్బా కోసమని దారి దిగి వాటి గూళ్ళ వైపు వెళ్ళకండి, దొరకకపోయినా సరే తిరిగొచ్చేయండి.

మీరుండే ఏరియా చెప్తే, మొదటిసారికి ఏ వైపు వెళ్తే బాగుంటుందో కింద రాస్తాను.