29 ఏళ్ళకు ప్రైవేటు ఉద్యోగం నుంచి లోకో పైలట్ కావచ్చా? పుస్తకం కొనే ముందు కళ్ళు చూపించుకోండి

మీరు అడిగింది ఇదీ: వయసు 29 నడుస్తోంది, మెకానికల్ డిప్లొమా, ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ పని, పెళ్ళయింది, చిన్న పాప ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ, అంటే రైలు ఇంజన్‌లో డ్రైవర్‌కి సహాయకుడు) ఉద్యోగం కోసం ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమా, ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరాలా అని.

ఆలస్యం కాలేదు. ఉద్యోగం మానొద్దు. నేనూ కొన్నేళ్ళు ప్రైవేటులో చేసి, ముప్ఫై దగ్గర పడ్డాకే రైల్వేకి వచ్చాను. 2018 నోటిఫికేషన్‌లో ఏఎల్‌పీకి వయోపరిమితి ముందు 28 అన్నారు, తర్వాత 30కి పెంచారు. ఆ పెంపు వల్లే నేను అప్లై చేయగలిగాను. ఇప్పుడు గూడ్స్ బండ్లు నడుపుతున్నాను. 2025 నోటిఫికేషన్‌లోనూ వయసు 18 నుంచి 30, జూలై 1 నాటికి లెక్క. ఓబీసీలకు మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్ళు సడలింపు. మీరు ఏ కేటగిరీయో రాయలేదు కాబట్టి మీకు ఎన్ని అవకాశాలు మిగిలాయో మీరే లెక్క వేసుకోండి. ఇంకో మాట. 2018 తర్వాత ఏఎల్‌పీ నోటిఫికేషన్ మళ్ళీ 2024లోనే వచ్చింది. ఆ మధ్యలో వయసు దాటిపోయిన వాళ్ళు చాలామంది. వచ్చినప్పుడే రాయాలి.

కానీ వయసు కంటే, కోచింగ్ కంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. మీరు వాటిని అడగలేదు. ఒకటి మీ కళ్ళు, రెండోది మీ ఇల్లు.

ఏఎల్‌పీకి వైద్య పరీక్ష ఏ-1 కేటగిరీలో జరుగుతుంది. రైల్వేలో కంటి విషయంలో దీనికి మించిన కఠినమైన ప్రమాణం లేదు. కళ్ళజోడు లేకుండా రెండు కళ్ళకూ 6/6 ఉండాలి. దగ్గర చూపుకూ అద్దాలు ఒప్పుకోరు. చుక్కల బొమ్మల్లో అంకెలు చదివించి రంగుల చూపు పరీక్షిస్తారు. రాత్రి చూపు, మసక వెలుతురులో చూపు, రెండు కళ్ళూ కలిసి పనిచేసే తీరు, పక్కల నుంచి ఎంతవరకు కనిపిస్తోందనేది కూడా చూస్తారు. ఫాగింగ్ టెస్ట్ అని ఒకటి ఉంది, దాని సంగతి చాలామందికి అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. కంటి ముందు ప్లస్ రెండు పవర్ అద్దం పెడతారు. మామూలు కంటికి ఆ అద్దంతో దూరపు అక్షరాలు అలుక్కుపోవాలి. అద్దం పెట్టినా స్పష్టంగా చదివేస్తున్నారంటే లోపల దాగిన ప్లస్ పవర్ ఉన్నట్టు లెక్క, అనర్హులే. "చిన్న పవరేగా, లాసిక్ చేయించుకుంటే పోతుంది" అని ఎవరైనా చెబితే వినకండి. లాసిక్, అంటే లేజర్ ఆపరేషన్ చేయించుకున్న కళ్ళను ఏఎల్‌పీకి తీసుకోరు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, వైద్య పరీక్ష వరుసలో చివరిది కావడమే. రాతపరీక్షలు రెండు, ఆప్టిట్యూడ్ టెస్ట్, సర్టిఫికెట్ల పరిశీలన, అవన్నీ దాటాక డాక్టర్ ముందు కూర్చుంటారు. నాకు తెలిసిన ఒకతను మంచి మార్కులతో అన్నీ గట్టెక్కి రంగుల చూపు దగ్గర ఆగిపోయాడు. అప్పటిదాకా తనకు ఆ లోపం ఉందని అతనికే తెలియదు. అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఈ వారమే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పాత నోటిఫికేషన్‌లో ఉన్న విజన్ సర్టిఫికెట్ నమూనా ప్రింటు తీసుకెళ్ళి, అందులో ఉన్న ప్రతి పరీక్షా చేయమని అడగండి. ఆ సర్టిఫికెట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రోజున ఎలాగూ చూపించాల్సిందే.

ఇక ఇల్లు. మీ ప్లాంటులో షిఫ్టులు ఉండే ఉంటాయి. రాత్రి డ్యూటీ అలవాటేనని మీరు అనుకుంటారు. కానీ షిఫ్టంటే వచ్చే వారం ఏ వేళకు వెళ్ళాలో ముందే తెలుస్తుంది. గూడ్స్‌లో ఆ భరోసా లేదు. రేకు, అంటే వ్యాగన్ల వరుస ఎప్పుడు తయారైతే అప్పుడే మన పని. సిబ్బంది హాజరు వేసుకునే లాబీ నుంచి కాల్ వస్తుంది, మామూలుగా రెండు గంటల ముందు. ఆ రెండు గంటల్లో లేచి, తిని, లాబీ చేరి, బ్రెత్ అనలైజర్‌లో ఊది, సైన్ ఆన్ చేసి (డ్యూటీ ఎక్కినట్టు నమోదు చేసి), దారిలో ఎక్కడ వేగం తగ్గించాలో చెప్పే కాషన్ ఆర్డర్ తీసుకుని ఇంజన్ ఎక్కాలి. బండి అవతలి ఊరు చేరాక రన్నింగ్ రూమ్‌లో, అంటే సిబ్బంది విడిదిలో నిద్ర. అక్కణ్ణుంచి వెనక్కి ఎప్పుడు పంపుతారో అది ఇంకో బండి మీద ఆధారపడి ఉంటుంది.

ఎనిమిది గంటలు, అంతకు మించిన డ్యూటీ చేసొస్తే సొంత హెడ్‌క్వార్టర్‌లో 16 గంటల విశ్రాంతి ఇస్తారు. వినడానికి చాలా అనిపిస్తుంది. సైన్ ఆఫ్ నుంచి గడియారం తిరుగుతుంది. ఇంటికి చేరడం, స్నానం, భోజనం, పగటి నిద్ర, పాపతో కాసేపు, ఇంతలోనే మళ్ళీ ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. వీటికి తోడు వారపు సెలవులాంటి పీరియాడిక్ రెస్ట్ ఉంది, నెలకు 30 గంటలవి నాలుగు లేదా 22 గంటలవి ఐదు. హెడ్‌క్వార్టర్ విశ్రాంతి 16 గంటలకు ఈ 30 కలిపి వారానికి 46 గంటలు ఇవ్వాలని రన్నింగ్ స్టాఫ్ (బండి నడిపే సిబ్బంది) సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. నా మట్టుకు నాకు అది న్యాయమైన కోరికే అనిపిస్తుంది. నిద్ర చాలని మనిషి చేతిలో బండి పెట్టకూడదు.

మీ ఆవిడతో ఈ సంగతులన్నీ విడమరిచి మాట్లాడండి. "గవర్నమెంటు జాబు వస్తుంది" అని ఒక్క మాటలో ముగించకండి. పాపకు జ్వరం వచ్చిన రాత్రి మీరు రెండు వందల కిలోమీటర్ల అవతల రన్నింగ్ రూమ్‌లో ఉండొచ్చు. పండక్కి చుట్టాలంతా వచ్చినప్పుడు మీరు లూప్ లైన్‌లో, అంటే స్టేషన్ పక్క పట్టాల మీద, ఒక మెయిల్‌కి దారి ఇస్తూ ఆగి ఉండొచ్చు. రాత్రి కాల్ ఉంటుందనిపిస్తే సాయంత్రం పెళ్ళికి నేను వెళ్ళను, పడుకుంటాను. మొదట్లో బంధువులు నొచ్చుకున్నారు. మా ఆవిడే ఒక్కొక్కరికీ చెప్పుకొచ్చింది. పగలు నేను నిద్రపోయే గదివైపు పిల్లల్ని రానివ్వకుండా చూసేదీ ఆమే. ఇంట్లో ఆ సహకారం లేకుండా ఈ ఉద్యోగం చేయడం ప్రమాదం, మనకీ, మన వెనక వచ్చేవాళ్ళకీ.

పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. బొగ్గు నింపిన బాక్సెన్ (పైకప్పు లేని) వ్యాగన్ల రేకు ఆరువందల మీటర్ల పొడవు పైనే ఉంటుంది, బరువు దాదాపు ఐదు వేల టన్నులు. వేగంలో ఉన్న అంత బరువు ఆగాలంటే కిలోమీటరు అటూ ఇటూ పడుతుంది. స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్‌కి కిలోమీటరు ముందే, ముందస్తు హెచ్చరికగా డిస్టెంట్ సిగ్నల్ పెట్టేది అందుకే. అసిస్టెంట్‌గా మీ మొదటి బాధ్యత ఆ సిగ్నల్‌ను చూడటం, చేయి చాపి "డిస్టెంట్ డబుల్ ఎల్లో" అని పైకి చెప్పడం. లోకో పైలట్ అదే మాట తిరిగి చెబుతారు. రాత్రి మూడింటికి, కళ్ళు వాలుతున్న వేళ, ప్రతి సిగ్నల్‌కీ ఇలా గొంతెత్తి చెప్పుకోవడమే ఇద్దరినీ మెలకువగా ఉంచుతుంది. ఎర్ర సిగ్నల్ దాటితే ఉద్యోగం పోయేదాకా వస్తుంది, ప్రాణాల సంగతి సరేసరి. కవచ్ వ్యవస్థ వేసిన మార్గాల్లో అది బ్రేక్ వేసి ఆపుతుంది. మన దక్షిణ మధ్య రైల్వేలోనే దాన్ని మొదట 1,465 కిలోమీటర్ల మేర అమర్చారు. అది లేని మార్గాలే ఇంకా చాలా ఉన్నాయి. ఉన్నచోట కూడా మన చూపుకు సెలవు లేదు.

బ్రేక్ పైపు ప్రెషర్ పడిపోతే టార్చి పట్టుకుని దిగి, కంకర మీద నడుచుకుంటూ బండి వెంబడి చూసుకుంటూ పోవాల్సింది అసిస్టెంటే. వానైనా, మే నెల ఎండైనా అంతే. ఇక్కడ మీ మెయింటెనెన్స్ అనుభవం నిజంగా అక్కరకొస్తుంది. వ్యాగ్-7 అనే గూడ్స్ కరెంటు ఇంజన్ నడిమధ్యలో మొరాయిస్తే ఏ రిలే ఎందుకు పడిందో వెతికి పట్టాలి. ఇన్నేళ్ళు యంత్రాలతో ఉన్నవాడికి ఆ ఆలోచన ఇట్టే వస్తుంది, కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్ళకు ట్రైనింగ్‌లో అదే కష్టమయ్యేది. వాళ్ళు నన్ను సర్క్యూట్లు అడిగేవాళ్ళు, నేను వాళ్ళను రూల్స్ అడిగేవాణ్ణి.

రాయడానికి మనసొప్పని సంగతి ఒకటుంది. పట్టాల మీదికి మనుషులు వస్తారు. కొందరు తెలియక, కొందరు తెలిసే. హారన్ మోగిస్తాం, ఎమర్జెన్సీ బ్రేక్ వేస్తాం, అప్పటికీ బండి ఆగదు. చేయగలిగిందంతా చేశాక కూడా ఆ ముఖం మన వెంట ఇంటికి వస్తుంది. ఈ ఉద్యోగంలో చాలామందికి ఇది ఏదో ఒక రోజు ఎదురవుతుంది. అలాంటప్పుడు మనసులో దాచుకోకుండా తోటి స్టాఫ్‌తోనో ఇంట్లోనో మాట్లాడండి, అవసరమైతే రైల్వే ఆసుపత్రిలో డాక్టర్‌తో చెప్పండి. నాకు మా సీనియర్ లోకో పైలట్ ఒకాయన రాత్రంతా పక్కన కూర్చుని మాట్లాడారు. ఆయన లేకపోతే నేను ఆ వారం ఇంజన్ ఎక్కగలిగేవాణ్ణి కాదు.

ఇన్ని చెప్పాక కూడా నాకు ఈ పని ఇష్టం. బొగ్గు బండి తీసుకెళ్ళి థర్మల్ స్టేషన్‌లో అప్పగించిన రోజు చేసిన పని కంటికి కనిపిస్తుంది. ప్రైవేటులో నాకు దొరకని తృప్తి అది.

పరీక్ష గురించి పెద్దగా భయపడక్కర్లేదు. మొదటి సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష) 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, పదో తరగతి స్థాయి లెక్కలు, రీజనింగ్, సైన్సు, జనరల్ నాలెడ్జి. రెండో సీబీటీలో పార్ట్-ఏ వంద ప్రశ్నలు, ర్యాంకుకు లెక్కయ్యేది ఇదే. పార్ట్-బీ మీ ట్రేడుది, 35 శాతం వస్తే చాలు. తప్పుకు మూడోవంతు మార్కు పోతుంది. డ్యూటీ చేసుకుంటూనే రోజుకు రెండు మూడు గంటలు పాత పేపర్లతో కూర్చుంటే సరిపోతుంది. లెక్కల్లో వేగం తగ్గి ఉంటుంది, దాని మీదే ఎక్కువ సమయం పెట్టండి.

అసలు జల్లెడ ఆప్టిట్యూడ్ టెస్ట్. జ్ఞాపకశక్తి, సూచనలు పాటించడం, లోతు అంచనా, ఏకాగ్రత, చూపు చురుకుదనం అని ఐదు భాగాలు. ఐదింట్లోనూ విడివిడిగా 42 టీ-స్కోరు (మిగతా అభ్యర్థులతో పోల్చి కట్టే స్కోరు) రావాలి. ఒక్కదాంట్లో తగ్గినా, మిగతావాటిలో ఎంత వచ్చినా పనికిరాదు. తుది జాబితాలో దీనికి 30 శాతం, పార్ట్-ఏకి 70 శాతం విలువ. సీబీటీలు తెలుగులో రాయొచ్చు గానీ ఇది ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. కాగితం మీద కాకుండా కంప్యూటర్ మీదే సాధన చేయండి. కోచింగ్‌కి డబ్బు పెట్టాలనుకుంటే దీనికొక్కదానికి పెట్టండి.

ఒక నోటిఫికేషన్‌కి ఒక్క ఆర్‌ఆర్‌బీనే (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డునే) ఎంచుకోవాలి. ఖాళీలు ఎక్కువున్నాయని దూరపు బోర్డు పెట్టుకునే వాళ్ళుంటారు. తర్వాత సొంత జోన్‌కి బదిలీ అడిగితే ఏళ్ళు పడుతుంది, పైగా కొత్తచోట సీనియారిటీలో అట్టడుగున చేరతారు. చిన్నపిల్లతో ఉన్నారు కాబట్టి మీరు సికింద్రాబాద్ పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం, కటాఫ్ కాస్త ఎక్కువైనా సరే.

జీతం లెవెల్-2, మూల వేతనం 19,900 రూపాయలు. దానిపైన డీఏ, ఇతర భత్యాలు, నడిపిన కిలోమీటర్లకు మైలేజీ. రన్నింగ్ స్టాఫ్‌కి చేతికి వచ్చేదాంట్లో మైలేజీ పెద్ద భాగం. ట్రైనింగ్‌లో ఉన్న నెలల్లో ఆ మైలేజీ ఉండదు. ఇప్పటి జీతం మీద లోన్లు ఉంటే ఆ నెలలకు సరిపడా ముందే దాచుకోండి. హోదా విషయంలోనూ సిద్ధపడండి, మీకంటే చిన్నవాళ్ళైన లోకో పైలట్ల దగ్గర మీరు అసిస్టెంట్. వాళ్ళను "సార్" అనడానికి నాకు ఇబ్బంది అనిపించలేదు, ఆ సెక్షన్ వాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. తర్వాత మెట్లు సీనియర్ అసిస్టెంట్, షంటర్ (యార్డులో ఇంజన్లు, పెట్టెలు కదిపేవారు), ఆపైన గూడ్స్, ప్యాసింజర్, మెయిల్ బండ్ల లోకో పైలట్. 60 దాకా సర్వీసుంది కాబట్టి ముప్ఫైలో చేరినా పైదాకా వెళ్ళే సమయం ఉంటుంది.

మీ చెల్లెళ్ళో స్నేహితురాళ్ళో అడిగితే వాళ్ళకూ చెప్పండి. 1980ల చివర్లో అసిస్టెంట్‌గా మొదలైన సురేఖా యాదవ్ 2023లో వందేభారత్ నడిపారు. అయితే చాలా ఇంజన్లలో ఇప్పటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళకు ఇది పెద్ద కష్టం, తెలిసే రావాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగే వాళ్ళను దగ్గరికి రానివ్వకండి. ఆర్‌ఆర్‌బీ వెబ్‌సైట్ తప్ప ఇంకో దారి లేదు.

ఒకవేళ కళ్ళు ఏ-1కి సరిపోవని తేలితే రైల్వే ఆశ వదులుకోనక్కర్లేదు. స్టేషన్ మాస్టర్, గూడ్స్ ట్రైన్ మేనేజర్ పోస్టులకు ఏ-2, అంటే కళ్ళజోడు లేకుండా 6/9. వాటికి డిగ్రీ కావాలి, మీకు లేకపోతే అది కుదరదు. టెక్నీషియన్ పోస్టుల్లో చాలావాటికి బీ-1 సరిపోతుంది, అక్కడ కళ్ళజోడు పెట్టుకోవచ్చు. మీ డిప్లొమాతోనైతే జూనియర్ ఇంజనీర్ (జేఈ) రాయొచ్చు, అది లెవెల్-6, మూల వేతనం 35,400. నన్నడిగితే కళ్ళు బాగున్నా సరే, ఆ జేఈ పరీక్ష కూడా పక్కనే రాయండి. సిలబస్ చాలావరకు మీరు చదివినదే, లోకో షెడ్డులో మీలాంటి మెయింటెనెన్స్ మనిషికి చేతినిండా పని ఉంటుంది.