పాత కంపెనీ అయితే ఉద్యోగానికి ఢోకా ఉండదా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఫుడ్ టెక్నాలజీ పూర్తిచేసింది. డబ్లిన్‌లో ఎమ్మెస్సీ సీటొచ్చింది. చదువయ్యాక జేకబ్స్ బిస్కెట్ కంపెనీలో చేరతానంటోంది. నూట డెబ్భై ఏళ్ల కంపెనీ కాబట్టి ఢోకా ఉండదంటుంది. నిజమేనా?
– ఓ తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: పేరుకైతే ఢోకా లేదండీ. ఆ పేరు కింద పనిచేసినవాళ్ల సంగతి వేరు.

1851లో ఐర్లాండ్‌లోని వాటర్‌ఫర్డ్ ఊళ్లో విలియం జేకబ్, అతని సోదరుడు రాబర్ట్ పెట్టిన బిస్కెట్ల బేకరీ అది. కొన్నేళ్లకే డబ్లిన్ చేరింది. 1885లో క్రీమ్ క్రాకర్ తెచ్చాక ఇక తిరుగులేదు. పేరులో క్రీమ్ ఉందిగానీ లోపల ఉండదు. పిండిని పులియబెట్టి, మీ పక్కనే ఉన్న తాపేశ్వరం మడత కాజాలా పొరలుగా మడిచి వత్తుతారు. పైన కనిపించే చిల్లులు అందానికి కాదు. ఓవెన్లో ఆవిరి వాటిగుండా పోకపోతే బిస్కెట్ పూరీలా పొంగుతుంది.

యాజమాన్యం మాత్రం చేతులు మారుతూనే ఉంది. 1920లలోనే లివర్‌పూల్ శాఖ వేరుపడింది. డబ్లిన్ కంపెనీ 1966లో బోలండ్స్ అనే మరో బిస్కెట్ కంపెనీతో కలిసి ఐరిష్ బిస్కెట్స్ అయింది, తర్వాత ఫ్యాక్టరీ టాలా శివారుకు మారింది. ఆపైన డబ్లిన్‌దీ, లివర్‌పూల్‌దీ రెండూ ఫ్రాన్సు వాళ్ల డానోన్ చేతికొచ్చాయి. 2009 దాకా మన బ్రిటానియాలో వాటా ఉన్నదీ ఆ డానోన్‌కే. 2004లో వాళ్లు ఐర్లాండ్ వ్యాపారాన్ని ఫ్రూట్‌ఫీల్డ్‌కు, బ్రిటన్‌లోది యునైటెడ్ బిస్కెట్స్‌కు అమ్మేశారు. అంటే ఒకే పేరుకు ఇద్దరు యజమానులు! 2009లో టాలా ఫ్యాక్టరీ మూతపడి, తయారీ దేశం దాటిపోయింది. 2011లో ఐర్లాండ్ జేకబ్స్‌ను వాలియో ఫుడ్స్ కొనుక్కుంది. డబ్లిన్ నడిబొడ్డున 1916లో బ్రిటిష్ పాలనపై తిరగబడ్డవాళ్లు పట్టుకుని కూర్చున్న పాత ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు పాత దస్తావేజులు భద్రపరిచే ఐర్లాండ్ జాతీయ అభిలేఖాగారం ఉంది.

కాబట్టి మీ అమ్మాయి ఓవెన్ దగ్గర నిలబడి పని నేర్చుకోవాలనుకుంటే, ముందు అడగాల్సిన ప్రశ్న “ఫ్యాక్టరీ ఎక్కడుంది?” అని. తయారీ బయట చేయించుకునే కంపెనీలో కావలసింది సరుకు ఇచ్చేవాళ్ల ఫ్యాక్టరీల ఆడిటింగ్, నాణ్యత, కొత్త రుచుల తయారీ తెలిసినవాళ్లు. అవి చిన్న పనులేం కావు, కానీ చదివేటప్పుడే ఆ సబ్జెక్టులు ఎంచుకోవాలి.

ఇంకోటి, ఐర్లాండ్ ఆహార పరిశ్రమ అంటే బిస్కెట్లకన్నా ముందు పాలు. పాల సహకార సంఘంగా నడిచిన కెర్రీ ఇవాళ ప్రపంచమంతటికీ ఆహార పదార్థాల దినుసులు అమ్ముతోంది. ప్రాజెక్టుకు డెయిరీ వైపు కూడా ప్రయత్నించమనండి. ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ రెండేళ్ల దాకా ఉండనిస్తారు. ఆ రెండేళ్లూ ఒక్క కంపెనీ గుమ్మం దగ్గరే కాచుకుని కూర్చోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.